మైక్రోకోడ్‌కు భయపడకండి, బయోస్ దగ్గర తొందరపడకండి

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. లినక్స్ వాడేవాళ్లకు ‘ఫర్మ్‌వేర్’ (పరికరం చిప్‌లోనే ఉండే ప్రోగ్రాం), ‘మైక్రోకోడ్’ అనే మాటలు తెర మీద కనిపించగానే టెన్షన్ మొదలవుతోంది. అనంతపురం కమలానగర్‌లోని మా సర్వీస్ సెంటర్‌కు వచ్చేవాళ్లు కూడా ఈ మధ్య ఎక్కువగా ఇదే అడుగుతున్నారు. అందుకని ఈసారి శీర్షిక మొత్తం దీనికే.

ప్రశ్న: అక్కా, మాది గుంతకల్లులో డీటీపీ సెంటర్. ఎనిమిదో తరం ఐ5 కంప్యూటర్‌లో లినక్స్ మింట్ వాడుతున్నాం. అప్‌డేట్ మేనేజర్‌లో ‘ఇంటెల్-మైక్రోకోడ్’ అని వచ్చింది. మా బావమరిది చూసి, ‘అది ప్రాసెసర్ లోపలి ప్రోగ్రాంనే మార్చేస్తుంది, మధ్యలో కరెంటు పోతే ప్రాసెసర్ చచ్చిపోతుంది, ముట్టుకోవద్దు’ అన్నాడు. పెళ్లిపత్రికల సీజన్ నడుస్తోంది, కంప్యూటర్ ఆగితే మాకు కష్టం. చేయాలా, వద్దా?
– డీటీపీ సెంటర్ యజమాని, గుంతకల్లు

జవాబు: చేయండి తమ్ముడూ, ఈ రోజే చేయండి. మీ బావమరిది చెప్పిన జాగ్రత్త బయోస్ విషయంలో, అంటే కంప్యూటర్ ఆన్ కాగానే మొదట నడిచే, మదర్‌బోర్డు చిప్‌లో ఉండే ప్రోగ్రాం విషయంలో అక్షరాలా నిజం. మైక్రోకోడ్‌కు మాత్రం అది వర్తించదు.

ప్రాసెసర్ తనకు వచ్చే ఆదేశాల్లో సంక్లిష్టమైనవాటిని లోపల చిన్న చిన్న అడుగులుగా విడగొట్టుకుని పూర్తిచేస్తుంది. ఆ అడుగులు రాసి ఉన్న లోపలి ప్రోగ్రామే మైక్రోకోడ్. ఫ్యాక్టరీలో చిప్‌తో పాటు వచ్చిన అసలు మైక్రోకోడ్‌ను ఎవరూ చెరపలేరు. అప్‌డేట్‌తో వచ్చేది దాని మీద వేసే సవరణ. ఆ సవరణ ప్రాసెసర్ లోపల తాత్కాలికంగా మాత్రమే నిలుస్తుంది. బడిలో నల్లబల్ల మీద సుద్దతో రాసినట్టు, కంప్యూటర్ ఆపగానే తుడిచిపెట్టుకుపోతుంది. మళ్లీ ఆన్ చేసినప్పుడు ముందు బయోస్ తన దగ్గరున్న సవరణను వేస్తుంది. తర్వాత లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ మొదలవుతూనే, తన దగ్గర అంతకంటే కొత్తది ఉంటే దాన్ని వేస్తుంది. బయోస్‌లో ఉన్నదే కొత్తదైతే కెర్నల్ దాని జోలికి పోదు. కాబట్టి అప్‌డేట్ నడుస్తుండగా కరెంటు పోయినా ప్రాసెసర్‌కు ఏమీ కాదు. మహా అయితే హార్డ్ డిస్క్‌లో ఆ ప్యాకేజీ సగంలో ఆగుతుంది, మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకుంటారు.

ఈ ఏర్పాటు ఎందుకు వచ్చిందో తెలిస్తే దాని విలువ అర్థమవుతుంది. 1994లో థామస్ నైస్లీ అనే అమెరికన్ గణిత ప్రొఫెసర్, ఇంటెల్ పెంటియం చిప్ కొన్ని భాగహారాల్లో తప్పు జవాబు ఇస్తోందని బయటపెట్టారు. అప్పటికే అమ్ముడైపోయిన చిప్‌లోని తప్పును సరిదిద్దే దారి లేదు. చిప్‌లు మార్చి ఇవ్వాల్సి వచ్చింది, ఇంటెల్ ఆ ఖర్చుల కింద 47.5 కోట్ల డాలర్లు లెక్క రాసుకుంది. 1995లో వచ్చిన పెంటియం ప్రో నుంచి, బయటికి వెళ్లిన చిప్‌కు కూడా సవరణ పంపే వీలు వచ్చింది. ఇవాళ మీ అప్‌డేట్ మేనేజర్‌లో కనిపించిన ఆ ఒక్క వరుస వెనక ఇంత కథ ఉంది.

మీ ఎనిమిదో తరం ఐ5కి దీని అవసరం నిజంగానే ఉంది. 2023 ఆగస్టులో ‘డౌన్‌ఫాల్’ అనే లోపం బయటపడింది. ఆరో తరం నుంచి పదకొండో తరం దాకా చాలా ఇంటెల్ ప్రాసెసర్లలో ఒక ప్రోగ్రాం మరో ప్రోగ్రాం వాడుతున్న సమాచారాన్ని దొంగచాటుగా చదివే వీలు అందులో ఉంది. దాని మందు మైక్రోకోడ్‌లోనే ఉంది. మీ సెంటర్‌లో జనం ఆధార్, పాన్ కాపీలు ప్రింట్ తీసుకుంటారు, ఆన్‌లైన్‌లో ఫీజులు కడతారు. వాళ్ల వివరాలు మీ కంప్యూటర్ గుండా పోతున్నాయి కాబట్టి ఈ విషయంలో మీరు మరింత శ్రద్ధ పెట్టాలని నా మాట.

అప్‌డేట్ చేసి, కంప్యూటర్ రీస్టార్ట్ చేశాక టెర్మినల్ (ఆదేశాలు టైపు చేసే కిటికీ) తెరిచి ఎల్‌ఎస్‌సీపీయూ అని చిన్న అక్షరాల్లో కొట్టండి. చివర్లో లోపాల పట్టిక వస్తుంది. అందులో ‘గ్యాదర్ డేటా శాంప్లింగ్’ అన్న వరుస డౌన్‌ఫాల్ గురించే. దాని ఎదురుగా ‘మిటిగేషన్, మైక్రోకోడ్’ అని ఉంటే సవరణ పనిచేస్తోంది. ‘వల్నరబుల్, నో మైక్రోకోడ్’ అని ఉంటే ఇంకా రాలేదన్నమాట.

వేగం తగ్గుతుందా అని తర్వాత అడుగుతారని తెలుసు. డౌన్‌ఫాల్ సవరణతో కొన్ని ప్రత్యేకమైన పనుల్లో వేగం 50 శాతం దాకా తగ్గొచ్చని ఇంటెల్ తానే చెప్పింది. అవి పెద్ద శాస్త్రీయ గణనల వంటి పనులు. పత్రికల డిజైన్, స్కానింగ్, ప్రింటింగ్‌లో మీకు తేడా తెలియదు.

మైక్రోకోడ్ అప్‌డేట్లు ఎప్పుడూ తేడా చేయవని నేను చెప్పను. 2018 జనవరిలో స్పెక్టర్ అనే భద్రతా లోపానికి ఇంటెల్ హడావుడిగా ఇచ్చిన సవరణతో హాస్వెల్, బ్రాడ్‌వెల్ (నాలుగు, ఐదో తరాల) ప్రాసెసర్లున్న కంప్యూటర్లు వాటంతటవే రీస్టార్ట్ అయ్యాయి. ఆ నెల 22న ఇంటెల్ తానే దాన్ని ఆపమంది. అలాంటిది మళ్లీ వచ్చినా వెనక్కి పోవడం తేలిక. కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు ఏ సిస్టమ్ మొదలవ్వాలో చూపించే గ్రబ్ మెనూలో ‘ఈ’ అక్షరం నొక్కి, లినక్స్ అని మొదలయ్యే వరుస చివర ఒక మాట చేర్చాలి. డీఐఎస్, అండర్‌స్కోర్, యూసీఓడీఈ, అండర్‌స్కోర్, ఎల్‌డీఆర్, అంతా చిన్న అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా. ఆ ఒక్కసారికి కెర్నల్ మైక్రోకోడ్ వేయకుండా ముందుకు పోతుంది. ఆ తర్వాత పాత ప్యాకేజీకి మారొచ్చు. ఈ కాగితం ముక్క కత్తిరించి మానిటర్ పక్కన పెట్టుకోండి.

ఉబుంటు, మింట్ వాడేవాళ్లకు ఈ ప్యాకేజీ సిస్టమ్‌తో పాటే వస్తుంది. డెబియన్ వాడేవాళ్లు మాత్రం ఒకసారి చూసుకోవాలి. 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఇలాంటివన్నీ ‘నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్’ అనే వేరే విభాగంలోకి మారాయి. పాత వెర్షన్ నుంచి మారినవాళ్ల సోర్స్ జాబితాలో ఆ విభాగం లేకపోతే అప్‌డేట్లు రాకుండా ఆగిపోతాయి.

ప్రశ్న: మేడమ్, నేను కడపలో డిగ్రీ చదువుతున్నాను. నా దగ్గర బి450 మదర్‌బోర్డు, రైజెన్ 3 2200జి ఉన్నాయి. వేరే గ్రాఫిక్స్ కార్డు లేదు. సెకండ్ హ్యాండ్‌లో రైజెన్ 5 5600 దొరుకుతోంది. దానికి ముందు బయోస్ అప్‌డేట్ చేయాలంటున్నారు. నా దగ్గర ఉబుంటు మాత్రమే ఉంది. బోర్డు కంపెనీ సైట్‌లో విండోస్ ప్రోగ్రాం కనిపిస్తోంది. దీనికోసం విండోస్ వేసుకోవాలా?
– విద్యార్థి, కడప

జవాబు: విండోస్ వద్దు. కానీ అంతకంటే ముందు ఇంకో మాట. ఆ 5600కి డబ్బు ఇవ్వకు నాన్నా. నీ 2200జి లోపలే గ్రాఫిక్స్ ఉంది, అందుకే మానిటర్ నేరుగా బోర్డుకు తగిలించి వాడుతున్నావు. 5600లో గ్రాఫిక్స్ లేదు. దాన్ని పెడితే తెర నల్లగా ఉంటుంది, బయోస్ అప్‌డేట్ వల్లే బోర్డు పోయిందని నువ్వు కంగారు పడతావు. చివర ‘జి’ ఉన్న 5600జి వెతుక్కో. అందులో గ్రాఫిక్స్ ఉంది.

ఇక బయోస్. 2018లో వచ్చిన బి450 బోర్డుకు 2020 నవంబరు నుంచి వచ్చిన 5000 సిరీస్ ప్రాసెసర్ ఎవరో తెలియదు. ఆ పరిచయం బయోస్‌లో ఉండాలి. కాబట్టి వరుస ముఖ్యం. పాత ప్రాసెసర్ బోర్డు మీద ఉండగానే బయోస్ మార్చాలి, అంతా సరిగ్గా నడుస్తోందని చూసుకున్నాకే ప్రాసెసర్ మార్చాలి. ప్రాసెసర్ ముందు మార్చేసి నా దగ్గరికి బోర్డు తెచ్చే పిల్లలు చాలామంది. వాళ్ల కోసం పాత రైజెన్ ఒకటి డబ్బాలో ఉంచుకున్నాను.

బోర్డు పేరు ఊహించవద్దు. టెర్మినల్‌లో సుడో డీఎంఐడీకోడ్ అని కొడితే ‘బేస్ బోర్డ్ ఇన్ఫర్మేషన్’ కింద పూర్తి పేరు, ‘బయోస్ ఇన్ఫర్మేషన్’ కింద ఇప్పటి వెర్షన్, తేదీ కనిపిస్తాయి. పేరు చివర ఒక్క అక్షరం తేడా ఉన్నా అది వేరే బోర్డే. గిగాబైట్ బోర్డులకైతే మూలన ‘రెవ్’ అని నంబర్ అచ్చయి ఉంటుంది, క్యాబినెట్ తెరిచి చూడాల్సిందే. ఒకే పేరుతో రెండు రెవిజన్లు ఉంటే వాటి బయోస్ ఫైళ్లు కూడా వేరు.

సైట్‌లో ఆ బోర్డు పేజీకి వెళ్లి ముందు ప్రాసెసర్ల జాబితా చూడు. 5600జి ఎదురుగా ఏ బయోస్ వెర్షన్ నుంచి పనిచేస్తుందో రాసి ఉంటుంది. తర్వాత బయోస్ వెర్షన్ల కింద రాసిన వివరణలు చదువు, చాలామంది దాటేసేది ఇదే. ‘దీనికి ముందు ఫలానా వెర్షన్ వేయాలి’ అనీ, ‘ఇది వేశాక వెనక్కి పోలేరు’ అనీ అక్కడే చెబుతారు. కొన్ని బి450 బోర్డుల బయోస్ చిప్ 16 ఎంబీయే. కొత్త ప్రాసెసర్లకు చోటు కోసం బాగా పాతవాటిని తీసేశారు. ఆ వివరాలూ అక్కడే ఉంటాయి.

విండోస్ ప్రోగ్రాం వదిలేసి, బయోస్ ఫైల్ ఉన్న జిప్ దించుకో. ఉబుంటులోనే విప్పి, ఫ్యాట్32లో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చెయ్యి. కంప్యూటర్ ఆన్ చేస్తూ బయోస్‌లోకి వెళ్తే ఫైల్ ఎక్కించే పనిముట్టు బోర్డులోనే ఉంటుంది. ఏసుస్ దాన్ని ఈజెడ్ ఫ్లాష్ అంటుంది, గిగాబైట్ క్యూ-ఫ్లాష్, ఎంఎస్‌ఐ ఎం-ఫ్లాష్, ఏఎస్‌రాక్ ఇన్‌స్టంట్ ఫ్లాష్. ఆ సమయంలో ఏ ఆపరేటింగ్ సిస్టమూ నడవదు కాబట్టి నీకు విండోస్ ఉందా, లినక్స్ ఉందా అనే ప్రశ్నే లేదు.

కరెంటు సంగతి మన ఊళ్లలో మరీ ముఖ్యం. ఎండాకాలం సాయంత్రం గాలివాన మొదలైతే ఫీడర్ ఎప్పుడు ట్రిప్ అవుతుందో తెలియదు. ఇక్కడ రాసేది బోర్డు మీద ఉన్న చిప్‌లోకి, శాశ్వతంగా. పాతది చెరిపి కొత్తది రాస్తున్న ఆ కొద్ది నిమిషాల్లో కరెంటు పోతే చాలా బోర్డులు మళ్లీ తెర చూపించవు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా అని ధైర్యం చేయకు. చాలా ఇన్వర్టర్లకు యూపీఎస్, నార్మల్ అని రెండు మోడ్‌లు ఉంటాయి. నార్మల్ మోడ్‌లో బ్యాటరీకి మారే ఆలస్యం ఫ్యాన్లకు, లైట్లకు పర్వాలేదు గానీ కంప్యూటర్ రీస్టార్ట్ అయిపోతుంది. యూపీఎస్ మోడ్‌లో పెట్టి, ముందే మామూలుగా కంప్యూటర్ నడుస్తున్నప్పుడు మెయిన్ ఆపి పరీక్షించుకో. కంప్యూటర్ ఆగకుండా ఉంటేనే బయోస్ మొదలుపెట్టు. ఆకాశం మబ్బు పట్టి ఉంటే ఇంకో రోజు చూసుకో, ప్రాసెసర్ ఎక్కడికీ పోదు.

రాయడం అయ్యాక బోర్డు తనంతట తానే ఆగి, మళ్లీ మొదలై, కొంతసేపు తెర నల్లగా ఉంచొచ్చు. మెమరీని కొత్తగా సర్దుకుంటోంది, స్విచ్ ముట్టుకోవద్దు. బయోస్ సెట్టింగులన్నీ మొదటికి వస్తాయి. కాబట్టి ముందే ఫోన్‌లో ఒక్కో పేజీ ఫొటో తీసుకో. బూట్ జాబితాలో ఉబుంటు పేరు మాయమైనా డేటా పోయినట్టు కాదు. బోర్డు తన జాబితా మరిచిపోయిందంతే, లైవ్ పెన్‌డ్రైవ్‌తో ఆ పేరును మళ్లీ చేర్చవచ్చు.

ప్రశ్న: నమస్తే మేడమ్. కర్నూలులో హైస్కూల్ టీచర్‌ని. నా డెల్ ల్యాప్‌టాప్‌లో విండోస్, ఉబుంటు రెండూ ఉన్నాయి. ఉబుంటు తనంతట తానే ‘సిస్టమ్ ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఉంది’ అని చూపిస్తోంది. ఇది అసలైనదేనా? నొక్కవచ్చా?
– ఉపాధ్యాయిని, కర్నూలు

జవాబు: అసలైనదేనండి. సిస్టమ్ ఫర్మ్‌వేర్ అంటే మీ ల్యాప్‌టాప్ బయోసే. దీని వెనక ఎఫ్‌డబ్ల్యూయూపీడీ అనే లినక్స్ ప్రోగ్రాం ఉంది, 2015లో రిచర్డ్ హ్యూస్ మొదలుపెట్టారు. డెల్, లెనోవో, హెచ్‌పీ వంటి కంపెనీలు తమ ఫర్మ్‌వేర్ ఫైళ్లను లినక్స్ వెండర్ ఫర్మ్‌వేర్ సర్వీస్ అనే చోట పెడతాయి, మీ ఉబుంటు అక్కడినుంచి తెచ్చుకుంటుంది. చిప్‌లోకి రాసేది ఉబుంటు కాదు. అది ఫైల్‌ను డిస్క్‌లోని ఈఎఫ్‌ఐ భాగంలో పెట్టి రీస్టార్ట్ చేస్తుంది. ల్యాప్‌టాప్‌లోని ఫర్మ్‌వేరే కంపెనీ సంతకం సరిచూసుకుని తనను తాను మార్చుకుంటుంది. బ్యాటరీ బాగా ఛార్జ్ చేసి, ఛార్జర్ కూడా తగిలించి ఉంచండి. బ్యాటరీ తక్కువగా ఉంటే ఆ ప్రోగ్రామే ఒప్పుకోదు.

మీకు నేను గట్టిగా చెప్పేది ఇంకొకటి. విండోస్‌లో డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో ముందు చూడండి. కొత్త ల్యాప్‌టాప్‌లలో మనకు తెలియకుండానే ఆన్ అయి ఉండొచ్చు. ఫర్మ్‌వేర్ మారగానే విండోస్ అనుమానపడి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. ముందే కాగితం మీద రాసి పెట్టుకోండి, లేదా అప్‌డేట్ అయ్యేదాకా బిట్‌లాకర్‌ను ‘సస్పెండ్’ చేయండి. ఉబుంటు డిస్క్‌ను పాస్‌వర్డ్ అడగకుండా టీపీఎం అనే భద్రతా చిప్‌తో తెరుచుకునేలా పెట్టుకున్నా ఇదే జరుగుతుంది, అసలు పాస్‌వర్డ్ గుర్తుండాలి. ప్రశ్నపత్రాలు, మార్కుల ఫైళ్లు వేరే డ్రైవ్‌లోకి కాపీ చేశాకే మొదలుపెట్టండి.

ప్రశ్న: అక్కా, ప్రొద్దుటూరులో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాం. 14వ తరం ఐ7, 14700కె. లినక్స్‌లో కేడెన్‌లైవ్ అనే ఎడిటింగ్ ప్రోగ్రాం వాడుతున్నాం. రెండర్ (చివరి వీడియో ఫైల్ తయారుచేయడం) మధ్యలో ఊరికే ఆగిపోతోంది. మైక్రోకోడ్ ప్యాకేజీ కొత్తదే ఉంది. ర్యామ్ మార్చాం, లాభం లేదు.
– వీడియో ఎడిటర్, ప్రొద్దుటూరు

జవాబు: గుంతకల్లు తమ్ముడికి చెప్పిన మాట మీకు సరిపోదు. మీకు బయోస్ తప్పనిసరి.

13, 14 తరాల డెస్క్‌టాప్ ఇంటెల్ ప్రాసెసర్లలో 65 వాట్లు, ఆ పైన ఉన్నవాటికి ఒక జబ్బు ఉంది. అవసరానికి మించిన వోల్టేజీ అడగడం వల్ల లోపల ఒక సర్క్యూట్ క్రమంగా దెబ్బతింటుంది. 2024లో ఇంటెల్ దీన్ని ఒప్పుకుని ఆగస్టులో 0ఎక్స్129, సెప్టెంబరులో 0ఎక్స్12బి అనే మైక్రోకోడ్‌లు ఇచ్చింది. ఇవి బోర్డు కంపెనీల బయోస్ అప్‌డేట్ల ద్వారా రావాలి. వోల్టేజీ లెక్కలు కంప్యూటర్ మొదలైన మొదటి క్షణాల్లోనే బోర్డు సర్దేస్తుంది, దానితో పాటు ఇంటెల్ చెప్పిన పవర్ సెట్టింగులు కూడా బయోస్‌లోనే ఉన్నాయి. కెర్నల్ వచ్చేసరికి ఆలస్యం అవుతుంది. కాబట్టి మీ బోర్డు పేజీలో 0ఎక్స్12బి లేదా దాని తర్వాతి మైక్రోకోడ్ ఉందని రాసిన బయోస్ వేసి, ‘ఇంటెల్ డిఫాల్ట్ సెట్టింగ్స్’ ఎంచుకోండి.

ఇది ఇకముందు జరగబోయే నష్టాన్ని ఆపుతుంది. ఇప్పటికే జరిగిన నష్టాన్ని బాగుచేయదు. బయోస్ మార్చాక కూడా రెండర్ ఆగుతుంటే ప్రాసెసర్ దెబ్బతిన్నట్టే అనుకోవాలి. బాధపడి కొత్తది కొనవద్దు. ఈ ప్రాసెసర్లకు ఇంటెల్ వారంటీని మరో 2 ఏళ్లు పొడిగించింది. బిల్లు వెతికి పట్టుకోండి, డబ్బాలో కొన్నదైతే డబ్బా మీది నంబర్‌తో సహా. ప్రాసెసర్ మీది అక్షరాలను కూలర్ తీసి ఫొటో తీసి పెట్టుకోండి.

ప్రశ్న: తాడిపత్రి నుంచి రాస్తున్నాను. ఒక షాపులో బయోస్ అప్‌డేట్ చేస్తుండగా కరెంటు పోయింది. ఇప్పుడు ఫ్యాన్ తిరుగుతోంది, తెర రాదు. బోర్డు మార్చాలంటున్నారు. ఇంకో దారి లేదా?
– పాఠకుడు, తాడిపత్రి

జవాబు: బోర్డుకు డబ్బు ఇవ్వకముందు చూడాల్సినవి ఉన్నాయండి. వెనక యూఎస్‌బీ పోర్టుల దగ్గర ‘ఫ్లాష్‌బ్యాక్’, ‘ఫ్లాష్ బయోస్’ లేదా ‘క్యూ-ఫ్లాష్ ప్లస్’ అనే బటన్ ఉందేమో చూడండి. ఉంటే తెర రాకపోయినా బయోస్ మళ్లీ రాయొచ్చు. ఫైల్‌కు కంపెనీ చెప్పిన పేరే పెట్టాలి. ఎంఎస్‌ఐకి ‘ఎంఎస్‌ఐ డాట్ రామ్’ (ఆర్‌ఓఎం), గిగాబైట్‌కు ‘గిగాబైట్ డాట్ బిన్’, ఇంగ్లిష్ అక్షరాల్లో. ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లో అదొక్కటే ఉంచి, గుర్తు ఉన్న పోర్టులో పెట్టి, బటన్ నొక్కి పట్టుకోవాలి. లైట్ మెరవడం మొదలయ్యాక బటన్ వదిలేసి, ఆ మెరుపు ఆగేదాకా దేన్నీ ముట్టుకోకూడదు.

బటన్ లేకపోతే చిప్ ప్రోగ్రామర్ ఉన్న రిపేరు చేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి. బోర్డు మీది ఎనిమిది కాళ్ల చిప్‌కు క్లిప్ పెట్టి నేరుగా రాస్తారు. లినక్స్‌లో ఫ్లాష్‌రామ్ అనే ప్రోగ్రాంతో నేనూ ఇదే చేస్తాను. రెండు విషయాలు వాళ్లను అడగండి. చిప్ 3.3 వోల్టులదా, 1.8 వోల్టులదా చూసుకున్నారా అని మొదటిది. 1.8 చిప్‌కు ఎక్కువ వోల్టేజీ ఇస్తే కాలిపోతుంది. రాసేముందు ఇప్పుడున్నది చదివి దాచమని రెండోది. సగం చెడిన ఆ ఫైల్‌లోనే మీ బోర్డు సీరియల్ నంబర్, నెట్‌వర్క్ చిరునామా ఉండవచ్చు. ల్యాప్‌టాప్ అయితే విండోస్ లైసెన్స్ కూడా అందులోనే ఉంటుంది. అవి కొత్త ఫైల్‌లోకి తెచ్చుకోవాలి.